గోంగూర మడి మీదుగా ఘజియాబాద్

"పైన ఉన్నది మనుషులా, మున్సిపాలిటీ ట్యాంకరా?"

కింద పెరట్లోంచి ఆ కేక వినబడేసరికి కిరీటి చేతిలో పైపు జారిపోయింది.

అది అక్టోబరు మొదటి ఆదివారం. ఢిల్లీ చుట్టుపక్కల అందరూ చేసే పనే అతనూ చేస్తున్నాడు. ఎండలు తగ్గాయి కదా అని కూలర్‌లో నీళ్ళు ఖాళీ చేసి, దాన్ని మూలకి నెట్టేద్దామనుకున్నాడు. పైపు కొస పిట్టగోడ మీంచి వెనక్కి వదిలాడు. ఘజియాబాద్ వైశాలిలో ఆ మేడగదిలోకి దిగి నాలుగు రోజులే అయింది. కింద ఇంటివాళ్ళ పెరట్లో ఏముందో చూసిన పాపాన పోలేదు.

తొంగి చూస్తే, చున్నీ నడుముకి బిగించుకుని, మోచేతుల దాకా మట్టి పూసుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. కళ్ళతోనే కాల్చేసేలా చూస్తోంది. అయినా ఆ కళ్ళు బాగున్నాయే అనుకున్నాడు కిరీటి. అలా అనుకోవలసిన సమయం కాదని కూడా అనుకున్నాడు.

"ఏమైందండి?"

"ఏమైందా? టూండ్లా కొట్టుకుపోయింది!"

"ఎవరండి టూండ్లా? కుక్కపిల్లా?"

"కిందకి రండి. వచ్చి మీరే చూడండి, ఎవరో!"

మెట్లు దిగి వెళ్ళాడు. పెరడంతా గోడ పొడవునా మట్టి గట్టు, గట్టు మీద కంకర, కంకర మీద చిటికెన వేలంత కర్ర స్లీపర్లు. వాటి మీద రెండు ఇత్తడి పట్టాలు. జామ చెట్టు మొదలు చుట్టి, కరివేపాకు పొద వెనక మాయమై, గోంగూర మడి పక్కన మళ్ళీ తేలాయి. ఒకచోట మాత్రం గట్టు కరిగిపోయి, పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. దాని కింద బురదలో ఓ బుల్లి స్టేషన్ పక్కకి ఒరిగి ఉంది. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో రాసి ఉంది: టూండ్లా.

కిరీటి వంగి ఆ బోర్డు మరోసారి చదివాడు.

"వారం రోజుల పని. పాగల్ హో క్యా మీరు?"

"సారీ అండి. నాకు తెల్వది. ఇవన్నీ... మీరే చేసిన్రా?"

"లేదు, చీమలు చేశాయి."

ఆ అమ్మాయి పేరు తేజశ్రీ. ఒక మెట్రో కంపెనీలో సిగ్నల్ ఇంజనీరు. పుట్టింది టూండ్లా రైల్వే కాలనీలో, పెరిగింది ఘజియాబాద్‌లో. తెలుగులో మొదలుపెట్టి హిందీలో తిట్టి ఇంగ్లీషులో ముగిస్తుంది. వాళ్ళ నాన్న కోదండరామయ్యగారిది కొవ్వూరు. ముప్పై ఏడేళ్ళు రైలింజన్ నడిపి, ఆ ఏప్రిల్ ముప్పైనే రిటైరయ్యారు.

"పడుకోండి," అంది తేజశ్రీ.

"ఆఁ?"

"నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి చూడండి. ఏం పాడు చేశారో అప్పుడు తెలుస్తుంది."

సిద్దిపేటలో వాళ్ళమ్మ చూస్తే ఏమనేదో గాని, కిరీటి ఉతికిన చొక్కాతోనే పడుకున్నాడు. చెంప మట్టికి ఆనింది. ఒక కన్ను మూశాడు.

పెరడు మాయమైపోయింది. ఎదురుగా ఎర్రటి కాండాలతో మహారణ్యంలా గోంగూర లేచింది. ఆకుల మీదుగా వెలుతురు ఎక్కడో ఆకాశంలోంచి జారుతోంది. ఆ అడవిని చీల్చుకుంటూ రెండు పట్టాలు మెరుస్తూ పోయి, దూరాన ఒకటైపోయాయి. ఇప్పుడో ఇంకాసేపటికో అటునుంచి రైలు వస్తుందనిపించింది. ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయాడు.

"హలో, నిద్రపోయారా?"

"లేదండి," అన్నాడు నెమ్మదిగా. "లేవబుద్ధి అయితలేదు."

తేజశ్రీ కోపం అక్కడ సగం దిగింది. మిగతా సగం అతను పార పట్టుకున్నాక దిగింది.

ఆ రైలు ఎందుకో మర్నాడు సాయంత్రం చెప్పింది, మట్టి మెదుపుతూ.

"రిటైరైన రోజు నాన్న ఒక మాట అన్నారు. దారిలో ఎదురొచ్చిన బళ్ళన్నీ చూశాను గాని, నా బండి పోతుంటే ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు అని. తర్వాత కుర్చీలో కూర్చున్నారు. అయిదు నెలలుగా అలాగే కూర్చున్నారు. పేపర్ తిరగేస్తారు, చదవరు. మాకు భయంగా ఉంది, కిరీటీ. ఆయన బండి ఆయన ముందునుంచి పోవాలి. వచ్చే ఏప్రిల్ ముప్పైకి సరిగ్గా ఏడాది. ఆ రోజు పోవాలి."

"మరి పెరట్లోకి ఆయన వస్తే? సర్‌ప్రైజ్ ఎట్ల ఉంటది?"

తేజశ్రీ వంటింటి వెనక తలుపు చూపించింది. తలుపు మీద జానెడు సిగ్నల్ స్తంభం, దానికి బఠాణీ గింజంత ఎర్ర లైటు.

"అదొక్కటి చాలా?"

"ముప్పై ఏడేళ్ళలో ఆయన ఒక్క రెడ్ దాటలేదు. ఇది దాటుతారా?"

కిరీటి నవ్వబోయి ఆగాడు. నిజంగానే ఆ పెద్దమనిషి చేతిలో కాఫీ గ్లాసుతో తలుపు దాకా వచ్చి, తలెత్తి లైటు చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు. సొంత ఇల్లు, సొంత పెరడు. అయినా అంతే. ఆయన భార్య కృష్ణకుమారిగారు మాత్రం ఆ ఎర్రలైటు కిందనుంచే దర్జాగా వచ్చి గోంగూర కోసుకుపోయేవారు. అదేమంటే "నాకు రైల్వే వాళ్ళు జీతమిచ్చారా ఏంటి?" అనేవారు.

అలా కిరీటికి శని, ఆదివారాలు లేకుండా పోయాయి. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వారానికి ఐదు రోజులు, పెరట్లో రైల్వే ఉద్యోగం రెండు రోజులు. పాత సైకిల్ చువ్వలతో తేజశ్రీ యమున ఇనుప వంతెన కట్టింది. ఒక్కో చువ్వా వంచి, అతికి, నల్లరంగు వేస్తుంటే కిరీటి దీపం పట్టుకునేవాడు. దీపం వంతెన మీద పడేది, చూపు ఆమె మీద పడేది.

"దీపం ఇటు. నా మొహం మీద కాదు."

"చెయ్యి ఒణికిందండి."

"గంట నుంచీ ఒణుకుతూనే ఉంది. డాక్టర్‌కి చూపించుకో."

'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడైందో ఇద్దరూ గమనించలేదు. కృష్ణకుమారిగారు గమనించారు. ఆవిడ కాఫీలు పట్టుకొచ్చే వేళలు కాస్త తగ్గించారు.

జనవరిలో ఒక ఉదయం పొగమంచు పెరట్లోకి దిగింది. గోడ కూడా కనబడటం లేదు. ఇంజన్‌కి అప్పుడే మోటారు బిగించారు. తేజశ్రీ చలికి చేతులు రుద్దుకుని స్విచ్ తిప్పింది. ఎక్కడో తెల్లటి శూన్యంలో చిన్న పసుపు చుక్క పుట్టింది. చుక్క పెద్దదైంది. గోంగూర మోళ్ళ మధ్యనుంచి, మంచును తోసుకుంటూ, ఇంజను వచ్చింది. వాళ్ళ మోకాళ్ళ ముందునుంచి జరజరా సాగి మళ్ళీ మంచులో కలిసిపోయింది.

ఇద్దరూ అది పోయిన వైపే వంగి చూశారు. తన చెయ్యి ఎవరో పట్టుకున్నారని కిరీటికి తర్వాత తెలిసింది. తను పట్టుకున్నానని తేజశ్రీకి ఇంకా తర్వాత తెలిసింది.

"చలి," అంది, వదిలేసి.

"అవును, బాగ చలి," అన్నాడు కిరీటి. అతనికి ఒళ్ళంతా వేడిగా ఉంది. ఏప్రిల్ ముప్పైన, రైలు నడిచాక, చెప్పేద్దామని ఆ క్షణమే నిశ్చయించుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో చిక్కు వచ్చిపడింది. పెట్టెలన్నీ తగిలించి నడిపితే రైలు నాలుగు చోట్ల ఆగిపోయింది. పట్టా, పట్టా కలిసే చోట ధూళి చేరి కరెంటు తెగిపోతోంది.

"నాన్న ముందు ఆగితే?" అంది తేజశ్రీ. ఆమె గొంతు అంత చిన్నదవడం కిరీటి ఎప్పుడూ వినలేదు. "నడిపినన్నాళ్ళూ కారణం లేకుండా దారిలో బండి ఆపని మనిషి. ఆయన బండి ఆయన కళ్ళముందు ఆగకూడదు."

ఆ మర్నాడే ఆఫీసు పని మీద మూడు రోజులు లక్నో వెళ్ళింది. "వచ్చాక చూస్తాను, నువ్వేం ముట్టుకోకు" అని చెప్పి మరీ వెళ్ళింది.

ముట్టుకోకుండా ఉంటే ఈ కథ ఇక్కడే సుఖంగా అయిపోయేది. కాని ప్రేమలో ఉన్నవాడికి సలహా చెవికెక్కదు. కిరీటి మోకాళ్ళ మీద పాకుతూ పట్టాలన్నీ పరిశీలించాడు. ప్రతి అతుకు దగ్గరా గోరు దూరేంత సందు ఉంది. ముప్పై రెండు సందులు. ఇదన్నమాట రోగం! పాపం తొందరలో సరిగ్గా కలపలేదు, తను కలిపేస్తే వచ్చి ఆశ్చర్యపోతుంది. లజపత్‌రాయ్ మార్కెట్ నుంచి పెద్ద సోల్డరింగ్ ఐరన్ తెచ్చాడు. రెండు తెల్లవారుజాముల్లో ముప్పై రెండు సందులూ మూసి, ఇత్తడి కరిగించి అతికినంత గట్టిగా అతికాడు. అతుకుల పక్కలకి పట్టాల రంగే పూశాడు. ముప్పయ్యో తారీఖు ఉదయం ఏడింటికి రైలు వదిలితే పన్నెండు చుట్లు ఆగకుండా తిరిగింది. కిరీటి గాల్లో తేలాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి తేజశ్రీ స్టేషన్ నుంచి వచ్చింది. ఎండ నలభై మూడు.

"కళ్ళు మూసుకో," అన్నాడు కిరీటి వంటింట్లో.

"ఏంటి డ్రామా? ఆకలేస్తోంది."

"ఒక్క నిమిషం. మూసుకో, తేజా."

మూసుకుంది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించాడు. సరిగ్గా అప్పుడే ఎక్కడో 'ఠంగ్'మని చప్పుడైంది.

కళ్ళు తెరిచింది. టూండ్లా దగ్గర పట్టాలు కంకరలోంచి పైకి లేచి, పాములా మెలికలు తిరిగి ఉన్నాయి. జామ చెట్టు దగ్గర ఇంకో మెలిక. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, ఆ కోతి అక్కడ పడుకుని ఉంది.

తేజశ్రీ మెల్లిగా నేల మీద కూర్చుంది. కోప్పడలేదు. అదే కిరీటికి భయమేసింది.

"నా లెక్కే తప్పింది," అంది. "ఎండకి పట్టా ఎంత సాగుతుందో లెక్కవేసే సందులు వదిలాను. చాల్లేదు. ఇవాళే అవ్వాలా ఇది? లోపల అమ్మ చెప్పిందని ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు నాన్న."

ఎండకి పట్టా సాగుతుంది! సందులు కావాలనే వదిలింది! కిరీటికి అప్పుడర్థమైంది. రైల్వే ఇంట్లో పుట్టిన పిల్లకి అది ఓనమాలు. అందుకే అతనికి చెప్పాలని కూడా తోచలేదు. రంగు వేసి ఉంది కాబట్టి తను చేసిన పని ఆమెకింకా కనబడలేదు. నోరు మూసుకుంటే ఇంకో అరగంటైనా ఆమె పక్కన మంచివాడిగా కూర్చోవచ్చు.

"నీ లెక్క తప్పలేదు," అన్నాడు. "సందులన్నీ నేను మూసిన. సోల్డర్ పెట్టిన. నువ్వు ముట్టుకోవద్దన్నా ముట్టుకున్న."

తేజశ్రీ తలెత్తింది.

"అన్నీనా?"

"ముప్పై రెండు."

ఆమె తన సంచి తెరిచింది. అందులోంచి సన్నటి రాగితీగ చుట్ట తీసి నేల మీద పడేసింది.

"ఇవాళ జాయింట్లకి ముక్కలు కడదామని ఈ తీగ నిన్న లక్నోలో కొన్నాను. సందు సందుగానే ఉంటుంది, కరెంటు తీగలోంచి పోతుంది. గంట పని, కిరీటీ. గంట! పైకి వెళ్ళిపో. ప్లీజ్. ఇప్పుడు నీతో మాట్లాడితే ఏమంటానో నాకే తెలీదు."

కిరీటి కదల్లేదు. వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు మూసి ఉన్న వంటింటి తలుపు వెనకనుంచి గంభీరమైన గొంతు వినిపించింది.

"అమ్మలూ! పట్టా లేచిందా?"

ఇద్దరూ తలుపు వైపు తిరిగారు.

"నా... నాన్నా? నీకెలా తెలుసు?"

"ఠంగుమంది కదే. ఎండాకాలంలో ఆ చప్పుడు నాకు తెలీదేంటి? ఎనిమిది నెలల్నించీ ఇల్లంతా ఇత్తడి వాసన. రైలు కాకపోతే బిందెలు చేస్తున్నారనుకున్నానా?"

"అన్నీ తెలిసి ఒక్కసారైనా తొంగి చూడలేదా?"

"రెడ్ ఉంది కదమ్మా. రెడ్ అంటే రెడ్డే. ఎవరు పెట్టారన్నది మనకనవసరం." తర్వాత గొంతు పెంచారు. "ఏవయ్యా పైగది అబ్బాయ్, ఉన్నావా?"

"ఉన్న అంకుల్."

"ఉంటే బొమ్మలా నిలబడకు. హాక్సా బ్లేడు పట్టుకో. ఎక్కడ సందు మూశావో అక్కడే కొయ్యాలి. ముందు వంకర తిరిగిన చోట కాదు, దానికి అటూ ఇటూ. పట్టా ఊపిరి తీసుకున్నాక అదే తిన్నగా పడుకుంటుంది. అమ్మలూ, నువ్వు వెనకాలే తీగ కట్టుకుంటూ రా. కుమారీ, వాళ్ళకి మజ్జిగ ఇవ్వు. బండి సాయంత్రం బయల్దేరుతుంది."

ఆ మధ్యాహ్నం ఇంకెవరూ వైశాలిలో ఆరుబయట ఉండి ఉండరు. తలకి తడి తువ్వాళ్ళు చుట్టుకుని ఇద్దరూ మోకాళ్ళ మీద పాకారు. అతను కోసేవాడు, ఆమె తీగ అతికేది. తలుపు వెనకనుంచి ఆయన అడుగుతూనే ఉన్నారు. ఎన్నయ్యాయి? పట్టా దిగిందా? వేలితో నొక్కి చూడు. ఏడాదిలో ఆ గొంతు అంత హుషారుగా ఉండటం తేజశ్రీ వినలేదు. పంతొమ్మిదో కోత దగ్గర చెమటతో పాటు ఆమె కళ్ళలోంచి కూడా ఏదో జారింది.

"నువ్వెందుకు చెప్పావు?" అంది తల ఎత్తకుండా. పని మొదలుపెట్టాక ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

"ఏంది?"

"నేను నా తప్పనుకున్నాను. నువ్వు ఊరుకోవచ్చు కదా."

"తప్పు నీదనుకుని నువ్వు ఏడుస్తుంటే, పక్కన కూసోని ఎట్ల చూస్త?" కిరీటి బ్లేడు కింద పెట్టాడు. "నిన్ను ప్రేమిస్తున్న తేజా. రైలు నడిచినంక మంచిగ చెప్దామనుకున్న. ఇప్పుడు చెప్పే మొహం లేదు. కానీ అడిగినవ్ కాబట్టి చెప్తున్న."

తేజశ్రీ ఇంకో రాగితీగ ముక్క కత్తిరించింది.

"ఇంకా పదమూడున్నాయి," అంది. "కొయ్యి."

ఆరున్నరకి ఎండ గోడ దిగింది. ముప్పై రెండో అతుకు పూర్తయింది. పట్టాలు ఆయన చెప్పినట్టే తిన్నగా పడుకున్నాయి. కృష్ణకుమారిగారు పెరటి మధ్యలో ఒక కుర్చీ వేశారు. తేజశ్రీ తలుపు తెరిచి, మీట నొక్కింది.

బఠాణీ గింజంత పచ్చదీపం వెలిగింది.

కోదండరామయ్యగారు గుమ్మంలో నిలబడి, దాన్ని వేలితో చూపిస్తూ, డ్యూటీలో ఉన్నట్టే బిగ్గరగా "ప్రొసీడ్!" అన్నారు. అప్పుడు గడప దాటారు.

కుర్చీలో కూర్చుని ఆయన చుట్టూ చూశారు. కొవ్వూరు దగ్గర బుల్లి గోదావరి రేవు. టూండ్లా. సైకిల్ చువ్వల యమున వంతెన. కొసన ఘజియాబాద్. ముప్పై ఏడేళ్ళ బతుకంతా ఒక పెరట్లో, మోకాలెత్తున పరుచుకుని ఉంది. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టారు. ఎందుకో మరి, గుడిలో విప్పినట్టు విప్పారు.

రైలు కదిలింది.

ముందు ఇంజను, వెనక పన్నెండు పెట్టెలు, ఒక్కో కిటికీలో గోరంత వెలుగు. గోంగూర అడవిలోంచి బయటికొచ్చింది. వంతెన ఎక్కింది. చువ్వల నీడలు పెట్టెల మీద గబగబా పరిగెత్తాయి. ముప్పై రెండు అతుకుల మీద చక్రాలు టకటకలాడాయి. అసలు రైలు ఎలా పాడుతుందో అలాగే, సన్నటి గొంతుతో. ఎక్కడా ఆగలేదు. కిరీటి ఎన్నిసార్లు చూశాడో ఆ రైలుని! అయినా ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఒళ్ళు గగుర్పొడిచింది. అతను రైలుని కాదు, ఆయన మొహంలో పోతున్న రైలుని చూస్తున్నాడు.

కోదండరామయ్యగారు లేచి నిలబడ్డారు. స్టేషన్లో నిలబడేవాళ్ళు పోయే బండికి అంతా సవ్యమేనని పచ్చజెండా చూపించినట్టు, చెయ్యి చాచి నిలబెట్టారు. రైలంతా ఆయన ముందునుంచి వెళ్ళింది. చివరి పెట్టె వెనక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ జామ చెట్టు వెనక్కి వెళ్ళి కనుమరుగైంది.

"ఇంత అందంగా ఉంటుందా?" అన్నారు. ఎర్రదీపం మాయమైన వైపే చూస్తూ మళ్ళీ అన్నారు. "పోతుంటే మాత్రం... ఆ వెనక దీపం అలా పోతుంటే గుండెల్లో ఏదోలా ఉంది, కుమారీ."

"ఉంటుంది," అన్నారు కృష్ణకుమారిగారు. "టూండ్లాలో మన వంటింటి కిటికీలోంచి నేను రోజూ చూసిందదే."

ఆయన భార్య వైపు తిరిగి చూశారు. 

రైలు మళ్ళీ గోంగూర మడి దగ్గర తేలింది. అప్పుడు తేజశ్రీ వచ్చి, కిరీటి చేతిలో హాక్సా బ్లేడు ఇంకా ఉంటే తీసి పక్కన పెట్టి, మట్టి చేతిని తన మట్టి చేత్తో పట్టుకుంది. ఈసారి చలి లేదు. వదల్లేదు కూడా.

"నాన్నా, నేను ఇతన్ని పెళ్ళి చేసుకుంటాను."

కిరీటి అందరికన్నా ఎక్కువ అదిరిపడ్డాడు. "నిజంగనా?" అన్నాడు.

"అరే యార్, నువ్వు కాసేపు ఆగు. నాన్నతో మాట్లాడుతున్నా కదా!"

కోదండరామయ్యగారి చూపు రైలు మీదే ఉంది.

"నా సర్వీసులో యాభై మంది అసిస్టెంట్లు పక్కన కూర్చున్నారమ్మా," అన్నారు. "పని రానివాడికి నేర్పుకోవచ్చు. తప్పు చేసి దాచేవాడితో మాత్రం పక్క స్టేషన్ దాకా కూడా పోలేం. ఈ అబ్బాయి మధ్యాహ్నం పెరట్లో ఒప్పుకోవడం నేను తలుపు వెనకనుంచి విన్నాను. వీడితో ఎంత దూరమైనా పోవచ్చు. ఏవయ్యా, మీ నాన్నగారి నంబరివ్వు. ఇప్పుడు కాదు, బండి చూడనీ."

"అంటే తలుపెనక నుంచి మీరు మిగతాది కూడా..." కిరీటి చెవులు ఎర్రబడ్డాయి.

"పంతొమ్మిదో అతుకు దగ్గర కదూ? కాస్త చిన్నగా చెప్పుకోవాల్సిందయ్యా."

తేజశ్రీ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రైలు రెండోసారి వంతెన ఎక్కింది.

కృష్ణకుమారిగారు వంటింట్లోంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి భర్త కుర్చీ పక్కన వేశారు.

"కొంచెం జరగండి," అన్నారు కూర్చుంటూ. "ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే చూశాను. ఇవాళ ఇద్దరం కలిసి చూద్దాం."